శాలువా సరే, కుర్చీ సంగతేంది?

ఏటా మార్చి 8 వస్తుంది. సర్కారు సభ పెడుతుంది. పరిపాలనలో, ప్రజాసేవలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్లను పిలిచి శాలువాలు కప్పుతుంది. మంచిదే, మేం కాదనం. కానీ ఆ వేదిక మీద మా వాడల ఆడవాళ్లు ఎందరని అడుగుతున్నాం.

సదాలక్ష్మమ్మను తలుచుకుందాం. వీధులూడ్చే మెహతర్ కులంలో పుట్టింది. 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి డిప్యూటీ స్పీకర్. మంత్రిగా దేవాదాయ శాఖ కూడా చూసింది. మనల్ని గడప తొక్కనియ్యని గుళ్ల లెక్కలు మన బిడ్డ చేతికి వచ్చినయ్. ముసలితనంలో కూడా ఇంట్ల కూచోలేదు, మాదిగ దండోరాతో నడిచింది. ఈశ్వరీబాయి అంబేద్కర్ బాటలో రిపబ్లికన్ పార్టీ తరఫున 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీలో నిలబడ్డది. వీళ్లను ఎవరో దయదలిచి పైకి తేలేదు. కొట్లాడి వచ్చిండ్రు.

ఇక ఊళ్లకు వద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకొచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు, దళితులకు జనాభా లెక్కన సీట్లొచ్చినయ్. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ల వాటా సగమైంది. మా అక్కలు సర్పంచులైండ్రు. కానీ చాలా ఊళ్లలో ఏం చూస్తున్నాం? ఆమెకు కుర్చీ వేయరు. జెండా ఎగరేయనియ్యరు. సంతకానికి మాత్రం రిజిస్టర్ ఇంటికి పంపుతారు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా పెట్టించింది. ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. అక్కడ పెద్దకులపోడు కూచుంటే దళిత సర్పంచ్ పెన్ను ఎవరి చేతిలో ఉన్నట్టు?

పొద్దుగాల ఊరి చెత్త ఎత్తే అక్క చేసేది ప్రజాసేవ కాదా? సభ అయినాక హాలు ఊడ్చేది ఎవరు? ఆమెకు శాలువా కన్నా ముందు నెలనెలా జీతం, చేతులకు గ్లౌజులు కావాలె.

కార్యకర్తలకు ఒక మాట. అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ జరిగింది. దళిత సర్పంచునో, వార్డు మెంబరునో తన పని చేయకుండా అడ్డుకున్నా, బెదిరించినా అది నేరం. ఈ సంగతి ప్రతి వాడలో చెప్పండి. గ్రామసభ నాడు పదిమంది అక్క పక్కన నిలబడండి. రిజిస్టర్ చదివి వినిపించనిదే సంతకం పెట్టొద్దని చెప్పండి. ఆమె తన కుర్చీలో కూచొని తన పని తాను చేసిన నాడే అసలు సన్మానం.

జై భీమ్!