కారుకూ కాస్త తోడు వేయాలి

పోయిన చలికాలం ఒక రాత్రి పదకొండు గంటలకు మా అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. మా ఆయన డ్యూటీ మీద హైదరాబాద్‌లో ఉన్నారు. మా వర్గల్ నుంచి గజ్వేల్ ఎంతో దూరం కాదు. కానీ ఆ వేళప్పుడు బండి కదిలితేనే దగ్గర, కదలకపోతే కాశీ అంత దూరం. అత్తమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. టక్ టక్ మని రెండుసార్లు చప్పుడై, లైట్లు మసకబారి ఊరుకుంది.

పక్కింటి తమ్ముడు లేచి వచ్చి, "వదినా, సెల్ఫ్ తీస్తలేదు, బ్యాటరీ డౌన్ అయింది. నూకుదామంటే నేనొక్కణ్నే ఉన్న" అన్నాడు. 108కి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చారు, అత్తమ్మ కోలుకుంది. అయినా వాళ్లు వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్న ఆ కాసేపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మర్నాడు మెకానిక్ చెప్పింది విన్నాక తప్పు ఎక్కడుందో అర్థమైంది. మా ఆయన బండి మీద బస్టాండుకు పోతారు, కారు వారాల తరబడి వేపచెట్టు కింద నిలబడే ఉంటుంది. నిలబడ్డ కారు కూడా తింటూనే ఉంటుందట! గడియారం, తాళం, అలారం అన్నీ కలిపి 50 మిల్లీయాంపియర్లు లాగినా రోజుకు 1.2 యాంపియర్ అవర్లు పోయినట్టే. మాది 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ. మూడు వారాలకు 25 ఖర్చు. ఇక మిగిలేదెంత? పైగా చార్జింగ్ లేకుండా పడి ఉన్న బ్యాటరీలో సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని ఆయుష్షు కూడా తగ్గుతుంది.

అప్పుడు ఇంట్లో చర్చ మొదలైంది. అమెరికాలో ఉన్న మా మరిది బ్యాటరీ కండిషనర్ కొనమన్నాడు. అది గోడ ప్లగ్గుకు పెట్టి బ్యాటరీకి తగిలిస్తే, నిండేదాకా చార్జ్ చేసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా కరెంటు అందిస్తూ నిండుగా ఉంచుతుంది. మంచి వస్తువే, కాదనను. కానీ అది వాళ్ల గ్యారేజీలకు, మంచు కురిసే ఊళ్లకు బాగా సరిపోయే వస్తువు. మన కారు చెట్టు కింద ఉంటుంది. కిటికీలోంచి వైరు లాగి, వానలో తడవకుండా, పిల్లల కాళ్లకు అడ్డం పడకుండా ఎన్నాళ్లు కాపలా కాస్తాం? అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉండేవాళ్లకైతే ప్లగ్గే దొరకదు.

నేను జంప్ స్టార్టర్ కావాలని పట్టుబట్టాను. చేతిసంచిలో పట్టేంత లిథియం బ్యాటరీ అది. మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే, పాలకు తోడు వేయడం లాంటిది. చెంచాడు తోడు పడితే మిగతా పని పాలే చూసుకుంటాయి కదా! ఇంజన్ ఒక్కసారి అందుకుంటే ఆ తర్వాత దాని కరెంటు అదే తయారు చేసుకుంటుంది. అయితే విరిగిన పాలకు తోడు వేసినా పెరుగు కాదు. ముసలిదైపోయిన బ్యాటరీని మార్చాల్సిందే. మన ఎండలు బ్యాటరీలను తొందరగానే ముసలి చేస్తాయి.

వాడే పద్ధతి మా పదో తరగతి అబ్బాయికి కూడా నేర్పాను. అన్నీ ఆపేసి, ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజన్ దగ్గర రంగులేని ఇనుప భాగానికి పెట్టాలి. బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉండొచ్చు, నిప్పురవ్వ పడకూడదు. తాళం నాలుగైదు సెకన్లకు మించి తిప్పకూడదు. అందుకోకపోతే కాసేపు ఆగి మళ్లీ చూడాలి. స్టార్టయ్యాక క్లిప్పులు తీసేసి, బండిని కనీసం అరగంట తిప్పాలి. వీధి చివరిదాకా పోయి వస్తే ఖర్చయినంత కూడా తిరిగి చేరదు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవకండి. మే నెల ఎండలో దాన్ని కారులో వదలొద్దు, ఉబ్బితే వాడొద్దు. రెండు మూడు నెలలకోసారి చార్జ్ పెట్టండి. నేను మా క్యాలెండర్‌లో పండుగల పక్కనే రాసుకున్నాను. చార్జ్ లేని జంప్ స్టార్టర్ అటక మీది ఇటుకతో సమానం.

మా మరిది మాటలోనూ ఒక నిజం ఉంది. జంప్ స్టార్టర్ ఆ పూట గడిపిస్తుందే తప్ప బ్యాటరీ ఆరోగ్యాన్ని కాపాడదు. షెడ్డు, ప్లగ్గు ఉండి, నెలల తరబడి ఊరెళ్లేవాళ్లు కండిషనరే కొనుక్కోండి. మాలాంటి వాళ్లకు వారానికోసారి కారు బయటికి తీయడమే కండిషనర్. ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే నడుపుతున్నాను. సరస్వతమ్మ గుట్ట దాకా పోయి దండం పెట్టుకొని, అటు నుంచి అటే రాజీవ్ రహదారి ఎక్కి ఒక అరగంట తిరిగి వస్తాం. ముందు సీటు అత్తమ్మదే.

బంగారం కొన్నప్పుడు కూడా నేనింత వాదించలేదని మా ఆయన నవ్వుతారు. నవ్వనివ్వండి. అర్ధరాత్రి ఇంట్లో ఉండేది మనం. పిల్లాడికి జ్వరమొచ్చినా, పెద్దవాళ్లకు ఊపిరాడకపోయినా మొదట లేచేది మనం. ప్రాణం మీదికొస్తే ముందు 108కే ఫోన్ చేయండి, అందులో రెండో మాట లేదు. కానీ కారు ఉండి కూడా, తోసేందుకు నలుగురు మగవాళ్లు దొరికేదాకా గుమ్మంలో నిలబడాల్సిన గతి మాత్రం మనకొద్దు.