విహారయాత్ర పరుగుపందెం కారాదు

సంక్రాంతికి అటూ ఇటూ మన పల్లె బడుల పిల్లలు హైదరాబాదు విహారయాత్రకు బయలుదేరడం ఏటా చూస్తున్నదే. కూలికి పోయే తల్లులు కొంగున ముడివేసుకున్న సొమ్ము తీసి ఇస్తారు. ఆ సొమ్ముకు తగిన ఫలం పిల్లలకు దక్కుతున్నదా అన్నదే ప్రశ్న.

ఒకసారి ఒక బడి పిల్లల వెంట ఈ విలేకరి కూడా వెళ్లాడు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు కదిలింది. ఒక్క పగటిలో ఏడు చోట్లు చూపాలన్నది ఏర్పాటు. గంట గంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారాన్ని చూస్తామని పిల్లలు దారి పొడుగునా సంబరపడ్డారు. తీరా సాలార్‌జంగ్ మ్యూజియం ముందు దిగితే తలుపులు మూసి ఉన్నాయి. ఆరోజు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. అలాగే జూపార్కుకు సోమవారం సెలవు. ముందుగా ఎవరినైనా అడిగి ఉంటే ఈ నిరాశ తప్పేది.

గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సారు దాకా వినిపిస్తుంది. భక్త రామదాసుగా మనమెరిగిన కంచర్ల గోపన్న బందీగా ఉన్నదీ ఆ కోటలోనే. ఇవేవీ చెప్పే తీరిక పెద్దలకు లేకపోయింది. కొందరు పిల్లలు మేకుతో గోడలపై పేర్లు చెక్కుతుంటే వారించినవారూ లేరు. 1591 నాటి చార్మినారును దూరంనుంచే చూపి బస్సెక్కించారు.

హుస్సేన్‌సాగర్ నడుమ నిలిచిన బుద్ధ విగ్రహం రాయి ఎక్కడిదో కాదు, మన భువనగిరి పక్కనున్న రాయగిరిది. 1990లో తరలిస్తుండగా విగ్రహం నీట మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1992లో దానిని వెలికితీసి నిలబెట్టారు. మన నేల రాయి కథ మన పిల్లలకే తెలియకపోవడం విచారకరం.

అంతకంటె బాధాకరమైన విషయం మరొకటి ఉంది. డబ్బు కట్టలేని పిల్లలు ఆరోజు ఊళ్లోనే ఉండిపోయారు. వారిలో ఆడపిల్లలే ఎక్కువ.

ఏడు చోట్లు వద్దు, మూడు చాలు. సెలవు రోజులు ముందే తెలుసుకోవాలి. చూడబోయే వాటి గురించి ముందురోజే తరగతిలో ఉపాధ్యాయులు చెప్పాలి. పేద పిల్లల ఖర్చుకు ఊరి పెద్దలు తలా కొంత వేసుకోవాలి. ఇది పెద్ద భారమేమీ కాదు.

ఇంటికొచ్చాక "ఏం చూసొచ్చినవ్ బిడ్డా?" అని తల్లి అడుగుతుంది. ఆమె చెమటోడ్చిన సొమ్ముకు పిల్లల నోట నాలుగు మంచి మాటలైనా బదులు రావాలి.