ఆ గ్లాసు విడిగా ఎందుకు?

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఫలానా పనమ్మాయికి టీబీ అట, రేపటి నుంచి గేటు లోపలికి రానివ్వొద్దు, అందరివీ పిల్లలున్న ఇళ్ళు అని. దాని కింద బొటనవేళ్ళు, దండాలు నలభైకి పైనే. అన్నీ మన ఆడవాళ్ళవే.

ఆ అమ్మాయి మా ఇంట్లోనూ పనిచేస్తుంది. పాలమూరు వైపు నుంచి వచ్చి, హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల ఒక్క గదిలో మొగుడూ ఇద్దరు పిల్లలతో ఉంటోంది. మూడు వారాలు దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించుకోమని వెంటపడింది నేనే. టీబీ అని తేలింది. మందులు మొదలెట్టారు. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమంటే ఉంది. మళ్ళీ చూసి, ఇక పనికి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పాకే వచ్చింది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని ఒకావిడ అడిగితే అబద్ధం చెప్పడం చేతకాక ఉన్నమాట చెప్పింది. అంతే, ఒక్క రోజులో నాలుగిళ్ళు పోయాయి.

"డాక్టరేమో పనికి పోవచ్చన్నడు. గేటు కాడ వాచ్‌మన్ వద్దంటుండు. ఎవల మాట వినాలమ్మా?" అని ఫోన్లో అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే కోపంగా ఉంది, ఆ కోపంతోనే రాస్తున్నాను.

టీబీ గాలి ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల్లో జబ్బు ఉండి మందు వేసుకోని మనిషి దగ్గితే, ఆ గాలిని మూసిన గదిలో చాలాసేపు పీల్చినవాళ్ళకి అంటుకోవచ్చు. కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, బట్టలు ఉతికితే రాదు, లిఫ్టు బటన్ నొక్కితే రాదు. సరైన మందులు పడితే మామూలుగా రెండు మూడు వారాల్లోనే ఇంకొకరికి అంటించే శక్తి చాలావరకు పోతుంది. మెడ దగ్గర గడ్డగానో, వెన్నెముకలోనో వచ్చే టీబీ అయితే మామూలుగా అంటుకోదు కూడా. అమితాబ్ బచ్చన్ తనకు వెన్నెముక టీబీ వచ్చిందని అందరి ముందూ చెప్పాడు. ఆయన్ని మనం గేటు దగ్గర ఆపుతామా? సెల్ఫీ కోసం తోసుకోమూ!

సరే, పిల్లల తల్లులుగా భయం ఉండదా అంటారు. ఉంటుంది, నాకూ ఇద్దరున్నారు. కానీ ఆ భయం ఎవర్ని చూసి పడాలో ఆలోచించండి. పరీక్ష చేయించుకుని, మందు మింగుతూ, నిజం చెప్పిన మనిషిని వెళ్ళగొట్టాం. ఆ మెసేజ్ వచ్చిన వారానికే పక్క బ్లాకులో పనిచేసే ఇంకో ఆవిడ మా మెట్ల మీద కూర్చుని దగ్గుతోంది. పరీక్షకు వెళ్ళమంటే, "వద్దమ్మా, నా పని కూడా పోతది" అంది. మెడికల్ షాపులో దగ్గు సిరప్ కొనుక్కుని నాలుగిళ్ళలో గిన్నెలు తోముతోంది. ఆమెకి టీబీ ఉందో లేదో తెలియదు. తెలుసుకునే దారి మాత్రం మనమే మూసేశాం. ఇప్పుడు మన పిల్లలకి ప్రమాదం పెరిగిందా, తగ్గిందా? మీరే చెప్పండి.

ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అది పనివాళ్ళ బస్తీల్లోనే ఆగుతుందనుకోవడం మన అమాయకత్వం. ఏసీ వేసి కిటికీలన్నీ బిగించిన గదుల్లో రోజుకు పది గంటలు కూర్చునేది ఎవరు? మన ఆయనలూ, మన పిల్లలూ.

మనిషిని దూరం పెట్టే అలవాటుకు ఒకప్పుడు కారణం ఉండేది. 1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టాక కూడా చాలా ఏళ్ళు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి అని ఊరికి దూరంగా శానిటోరియంలు కట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలాంటిదే. శని, ఆదివారాలు మనం పులిహోర డబ్బాలతో వెళ్ళే వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ ఒకటి ఉంది. మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచారు, కొందరికి వాళ్ళ ఇరుకిళ్ళలోనే మందులిచ్చారు. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో మందు తీసుకున్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ళతో కలిసి బతికిన ఇంటివాళ్ళకి అదనంగా జబ్బేమీ రాలేదు. మన పక్క ఊళ్ళో, మనలాంటి ఇళ్ళలోనే తేలిన సంగతి ఇది. అరవై ఏళ్ళు దాటినా మన గేటు దాకా రాలేదు.

ఇక మన ఇళ్ళ లోపలి మాట. చిన్నప్పుడు మా పిన్నికి ఈ జబ్బు వచ్చింది. టీబీ అని ఎవరూ అనలేదు, "నెమ్ము చేసింది" అన్నారు. పెళ్ళి కావలసిన పిల్ల మరి. ఆమెకు ఒక స్టీలు గ్లాసు, ఒక కంచం విడిగా పెట్టారు. మందులు పూర్తయ్యాయి, నయమైంది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆ గ్లాసు మాత్రం పోలేదు. నా పెళ్ళిలో అందరూ విడిదింట్లో కాఫీలు తాగుతుంటే పిన్ని సంచిలోంచి తన గ్లాసు తీసుకుంది. ఎవరూ తెమ్మనలేదు, తనే తెచ్చుకుంది.

ఇప్పటికీ ఎంతమంది కోడళ్ళు మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుని మింగుతున్నారో! ఆ మందుల్లో ఒకదాని వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది చూసి అత్తగారు పట్టేస్తుందేమోనని హడలు. రెండు నెలలకి ఒళ్ళు తేలికపడగానే ఇక ఎందుకులే అని మానేస్తారు. కోర్సు ఆరు నెలలు. మధ్యలో మానితే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది, అప్పుడు వైద్యం ఇంకా కష్టం. గర్భసంచికి, ట్యూబులకి కూడా టీబీ వస్తుంది, దానివల్ల పిల్లలు పుట్టకపోవచ్చు. అలాంటి మనిషిని పరీక్షకి తీసుకెళ్ళకుండా గుళ్ళ చుట్టూ తిప్పి, గొడ్రాలని పేరు పెట్టిన ఇళ్ళు మీకు తెలియవా? అన్నట్టు, ఈ మందులు వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు. డాక్టరు మరిచిపోయినా మీరే అడగండి.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. పనమ్మాయి కాఫీ గ్లాసు మా ఇంట్లో మొదట్నుంచీ సింకు కింద విడిగానే ఉండేది. అప్పుడు ఆమెకి ఏ దగ్గూ లేదు. అంటే ఆ విడి గ్లాసు టీబీతో రాలేదు, అంతకుముందే ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో మనకందరికీ తెలుసు, పైకి అనం. జబ్బు పేరు దొరికేసరికి ఆ పాత అలవాటుకి ఆరోగ్యం అనే ముసుగు దొరికింది.

టీబీ రోగికి తిండి కోసం ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. గుడ్లు, పప్పు కొనుక్కోమని. మనమేమో నాలుగిళ్ళ జీతం లాగేసుకున్నాం. ఆరు నెలలు సరిగ్గా తినాల్సిన మనిషి ఏం పెట్టి కొనుక్కుంటుంది?

ఈ ఆదివారం పదకొండింటికి అసోసియేషన్ మీటింగు ఉంది. డాక్టరు రాసిచ్చిన చీటీ ఆ అమ్మాయిని అడిగి తెచ్చుకున్నాను, అందరి ముందూ చూపించడానికి ఒప్పుకుంది. నాతో మాట్లాడతామని ఇప్పటికి ఇద్దరు అన్నారు. ఒకావిడ, ఆ మెసేజ్‌కి బొటనవేలు పెట్టినావిడే.