దీర్ఘపదములు – బాలుర పఠనము

అక్షరమాల నప్పగింపగలిగి, గుణింతములు వ్రాయనేర్చి, ఒత్తులను గుర్తింపగలిగిన బాలుడు దీర్ఘపద మెదురైనంతనే తడబడుచున్నచో నది వాని మందబుద్ధి కాదు. మన బోధనలోని లోపము. అక్షరములను నేర్పితిమి గాని, అవి కూడి పదమగు తెఱగు నేర్పమైతిమి.

పెద్దవూర బాలునకు దూరపు టుదాహరణము లేల? వాని యూరి పేరే చాలును. వ్రాతలో పె-ద్ద-వూ-ర యని నాలుగక్షరములు. పలుకునప్పుడు జంటదకారములో మొదటిది వెనుకకు జరిగి పెద్-ద-వూ-ర యగుచున్నది. ద్విత్వమునకును సంయుక్తాక్షరమునకును ముందున్న యక్షరము గురువని ఛందశ్శాస్త్రము చెప్పుటకు మూల మిదియే. పద్యలక్షణము వచ్చువఱకు దీనిని దాచియుంచుట యేల? మొదటి తరగతిలోనే చప్పట్లతో నేర్పవచ్చును.

చేరువనున్న నాగార్జునసాగరమును గైకొనుడు. 1955లో శంకుస్థాపన జరిగిన యా జలాశయపు పేరున నెనిమిది యక్షరములు గలవు. బాలుడు వానిని వరుసగా నేకరువు పెట్టిన మొదటిది కడకు మఱచును. తొలుత అర్థమునుబట్టి 'నాగార్జున', 'సాగరము' అని రెండుగా విఱిచి, పిదప నా-గార్-జు-న యని పలికించి, తుదకు కలిపి చదివించిన భారము తీఱును.

ఈ శ్రమ యేల, అలవాటుచే నదియే వచ్చునని కొందఱు పెద్దలందురు. వారు చదివిన పెద్దబాలశిక్షయే రెండక్షరముల మాటలు, మూడక్షరముల మాటలు అని మెట్లు కట్టినదని మఱవరాదు.

1948 వఱకు నీ సీమలో ఉర్దూ రాజభాష. ఆ కాలముననే, 1901లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును మన పెద్దలు నెలకొల్పిరి. గ్రంథములు నిలిచి, చదువరులు కొఱవడిన ఆ కృషి వ్యర్థము గాదా? 2022లో ప్రభుత్వ పాఠశాలలయందు ఆంగ్లమాధ్యమము విస్తరించి, రెండు భాషల పాఠ్యపుస్తకములు వచ్చినవి. వ్రాతను జూచినంతనే ధ్వని తెలియు తెలుగులో పదమును విఱిచి కలుపుట నేర్చిన బిడ్డ, వ్రాత యొకటి పలుకొకటి యగు ఆంగ్లమున కొంత ధైర్యముతో నడుగిడగలడు.

పట్టాదారు పాసుపుస్తకములోని పంక్తిని పరులచే చదివించుకొను రైతు తన భూమికి తాను పూర్తిగా కాపు కాజాలడు. కావున ఉపాధ్యాయులు దినమునకు పది నిమిషములైన దీర్ఘపదముల కొఱకు కేటాయింపవలెను. భూస్వాములును పట్టణవాసులును తమ బిడ్డలచే ప్రతి సాయంకాలము పత్రికలోని యొక వార్తను బిగ్గఱగా చదివింపవలెను. కాసు ఖర్చు లేని యీ దేశసేవకు మనమెందులకు జాగు సేయవలెను?