ఎర్ర గడి



హాస్టళ్ల మీద రాస్తున్న వరుసలో రెండో భాగం ఈ వారం పెడతానన్నాను. అది వచ్చే వారానికి పోయింది. మంగళవారం మా కాలేజీ స్టాఫ్ మీటింగ్‌లో జరిగింది ముందు రాయాలి. కాలేజీ పేరు రాయను. నా ఉద్యోగం కోసం కొంత, ఒక పిల్ల కోసం ఎక్కువ.

ప్రొజెక్టర్ మీద ఒక పట్టిక వేశారు. దాన్ని డ్యాష్‌బోర్డ్ అంటున్నారు. ఈ ఏడాదే కొన్న సాఫ్ట్‌వేర్. ఒక్కో విద్యార్థికి ఒక్కో వరస. హాజరు, ఇంటర్నల్ మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, ఫీజు బకాయి, ఇంటర్ చదివిన మీడియం, ఇంటి నుంచి కాలేజీకి దూరం. అన్నీ కలిపి చివరి గడిలో ఒక రంగు. ఆకుపచ్చ అయితే చింత లేదు. పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి. ఎరుపు అంటే మధ్యలో మానేసే రకం. "రకం" నా మాట కాదు, మీటింగ్‌లో వాడిన మాటే.

కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు నా వైపు తిరిగి, "ఇందులో క్యాస్ట్ కాలమ్ లేదు మేడమ్, సిస్టమ్‌కు అందరూ ఒక్కటే" అన్నాడు. నేనింకా నోరే తెరవలేదు. నాకే ఎందుకు చెప్పాడో మీకు వివరించక్కర్లేదు.

నా సెక్షన్‌లో ఎర్ర గడులు పదకొండు. పేర్లు చదువుతూ పోయాను. తొమ్మిది మంది మా వాడల పిల్లలు, ఇద్దరు తండా నుంచి వచ్చేవాళ్లు. కులం కాలమ్ ఎందుకు ఇంక? తెలుగు మీడియం, ముప్పై అయిదు కిలోమీటర్ల బస్సు ప్రయాణం, ఫీజు బకాయి. ఈ మూడూ ఒక వరసలో పెడితే ఊరికి ఏ దిక్కున ఇల్లుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మా తాతలు దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచారు. ఇప్పుడు గడికి దీర్ఘం పోయింది, అంతే.

ఆ పదకొండు మందిలో ఒక పిల్ల గురించి చెప్తాను. బీఏ రెండో సంవత్సరం. హాజరు 58 శాతం. జనవరి నుంచి మార్చి దాకా వారానికి మూడు రోజులే క్లాసుకు వస్తుంది. మిగతా రోజులు వాళ్లమ్మతో మిరపకోతకు పోతుంది. ఖమ్మం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మన ఈవెన్ సెమిస్టర్ నడిచే నెలలే మిరప ఏరే నెలలు. "అమ్మ ఒక్కతే పోతే ఒక కూలి మేడమ్, ఇద్దరం పోతే రెండు. బస్ పాస్, పరీక్ష ఫీజు అన్నీ అండ్లకెళ్లే" అని ఒకసారి చెప్పింది.

వచ్చిన రోజు ఆమె అడిగే ప్రశ్నలకు నేను ఇంటికెళ్లి చదువుకుని రావాల్సి వస్తుంది. మొల్ల పాఠం చెప్తుంటే లేచి, "కుమ్మరి మొల్ల అంటున్నరు గదా మేడమ్, మరి తిక్కన పేరు ముందు ఆయన కులం ఎందుకు పెట్టరు?" అంది. నా పీహెచ్‌డీ వైవాలో నన్నెవరూ అంత పదునైన ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నకు పట్టికలో కాలమ్ లేదు. ఆమె మొత్తం ఆ పట్టికలో 58.

ఇక ఫీజు బకాయి కాలమ్ సంగతి చూడండి. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. ఆ పిల్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతోంది. కాలేజీకి కట్టాల్సింది ప్రభుత్వం. తెలంగాణలో ఆ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్ చేశాయి. బాకీదారు ఎవరో బంద్ చేసిన యాజమాన్యాలకు బాగా తెలుసు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ అప్పు ఎవరి వరసలో కూర్చుంది? పిల్ల వరసలో. సర్కారు బాకీ పడితే మాదిగ పిల్ల "రిస్క్" అయింది. ఈ ముక్క అడిగితే కుర్రాడు, "క్లయింట్ ఇచ్చిన ఫార్మాట్ అది మేడమ్" అన్నాడు. క్లయింట్ అంటే మేమే.

తర్వాత ప్రిన్సిపాల్ సారు అసలు పని చెప్పారు. ఎర్ర గడుల తల్లిదండ్రుల్ని పిలిపించాలి. పరీక్ష ఫీజు గడువు లోపలే. "నచ్చజెప్పి" టీసీ ఇప్పించి ఓపెన్ యూనివర్సిటీకి పంపాలి. సెక్షన్ లెక్చరర్లు జాబితా మీద సంతకం పెట్టాలి. "అంబేడ్కర్ పేరున్న యూనివర్సిటీకే కదా పంపేది" అని వెనక నుంచి ఒకరు జోకేశారు. నవ్వులు.

ఎందుకు పరీక్ష ఫీజు లోపలే? లెక్కలు రాని తెలుగు లెక్చరర్ని, అయినా ఈ లెక్క నాకూ వస్తుంది. అరవై మంది పరీక్ష రాసి నలభై అయిదు మంది పాసైతే 75 శాతం. తప్పుతారనుకున్న పది మందిని ముందే సాగనంపితే యాభైలో నలభై అయిదు, 90 శాతం. ఒక్కరికీ ఒక్క పాఠం అదనంగా చెప్పకుండా పదిహేను శాతం అభివృద్ధి. న్యాక్ ఫైల్లో ఇది నాణ్యత కింద రాస్తారు.

ఇది మా ప్రిన్సిపాల్ బుర్రలో పుట్టిన తెలివనుకోకండి. అమెరికాలో మేరీల్యాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ అనే యూనివర్సిటీకి వ్యాపార రంగం నుంచి సైమన్ న్యూమన్ అనే అధ్యక్షుడొచ్చాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఒక ప్రశ్నావళి ఇచ్చి, మానేసేలా కనిపించేవాళ్లను ప్రభుత్వానికి సంఖ్య పంపే గడువుకు ముందే ఇరవై, ఇరవై అయిదు మందిని తప్పించాలన్నది పథకం. అప్పుడు నిలిచినవాళ్ల శాతం పెరుగుతుంది. అభ్యంతరం చెప్పిన అధ్యాపకులతో, ఈ పిల్లల్ని ముద్దొచ్చే కుందేళ్లనుకోవద్దు, కుందేళ్లను నీళ్లలో ముంచెయ్యాలి అనే అర్థంలో మాట్లాడాడు. అధ్యాపకులు పేర్లు ఇవ్వలేదు, గడువు దాటిపోయింది. 2016 జనవరిలో విద్యార్థుల పత్రిక సంగతి బయటపెట్టింది, ఫిబ్రవరి ఆఖరుకు ఆయన రాజీనామా చేశాడు.

2016 జనవరి. ఆ నెల 17న మనకేం జరిగిందో ఈ పేజీ చదివేవాళ్లకు గుర్తుచెయ్యాలా? నెలల తరబడి ఫెలోషిప్ అందక, హాస్టల్ నుంచి వెలివేయబడి రోహిత్ వేముల వెళ్లిపోయాడు. ఫెలోషిప్ ఎన్ని నెలలు ఆపారన్నది కూడా డేటానే. వెలివేసిన తేదీ కూడా డేటానే. అవి సంస్థ వరసలో రాయాల్సిన సంఖ్యలు. ఏ వైస్ చాన్సలర్ గడి ఎర్రగా మెరిసింది?

"అక్కా, అయితే డేటా వద్దంటావా" అని కామెంట్లో అడిగే తమ్ముళ్లుంటారు. వద్దనను. లెక్కలు తీయమని ఈ దేశంలో అందరికన్నా ఎక్కువ అడిగింది మనమే. కులగణన కావాలన్నది మనమే. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో విద్య నిధుల మీద చర్చ జరిగితే బాబాసాహెబ్ అంకెలతోనే నిలబడ్డాడు. రెండు లక్షల జనాభాకు కాలేజీ చదువులో ఉన్నవాళ్లెందరని లెక్క కట్టి చూపించాడు. అగ్రవర్ణ హిందువుల్లో వెయ్యి మంది. వెనకబడిన వర్గం అని సర్కారు పిలిచిన మనవాళ్లలో సున్నా, మహా అయితే ఒకరు. ఆ సున్నాను ఆయన మన పిల్లల నెత్తిన పెట్టలేదు. సర్కారు బల్ల మీద పెట్టాడు.

తేడా అదే. ఆ దారిలో తీసిన లెక్క 2007లో ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ ఇచ్చిన నివేదిక. మార్కులు తగ్గాయేమని ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్ని నిలదీయలేదు. వైవాలో మిమ్మల్నెలా చూశారు, ప్రొఫెసర్లు మీకెంత సమయం ఇచ్చారు, మీరంతా కొన్ని హాస్టళ్లకే ఎందుకు చేరిపోయారు అని అడిగి సంస్థను కొలిచింది. అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ కూడా 2012 నుంచి ఇలాంటి హెచ్చరికల సాఫ్ట్‌వేరే వాడుతోంది. హెచ్చరిక మోగితే మాట్లాడటానికి పదుల సంఖ్యలో సలహాదారుల్ని కొత్తగా పెట్టుకున్నారు. కొద్దిపాటి ఫీజు తక్కువై పేరు కొట్టేయబోతున్న పిల్లలకు ఆ కాస్తా వాళ్లే సర్దారు. నల్లజాతి పిల్లలు పట్టా పుచ్చుకునే శాతం తెల్లపిల్లలతో సమానమైంది. అమెరికా అంతా అలా ఉందని కాదు. జాతినే నేరుగా రిస్కు లెక్కలో కలిపేసిన యూనివర్సిటీల బండారం 2021లో ది మార్కప్ అనే పత్రిక బయటపెట్టింది.

మన దగ్గర? 2023 డిసెంబరులో కేంద్రం లోక్‌సభకు చెప్పిన సంఖ్య 13,626. అయిదేళ్లలో సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి మధ్యలో వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు వీళ్లు. కారణం అడిగితే మంత్రిగారి జవాబు, పిల్లలకు చాలా అవకాశాలుంటాయి, మారుతుంటారు అని. అంత పెద్ద సంఖ్య చేతిలో ఉండి ఒక్క సంస్థ గడికీ రంగు వెయ్యలేదు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల పద్ధతి చూడండి. నలుగురూ ఆ సంస్థ గురించి ఏమనుకుంటున్నారో దానికి వందలో 10 మార్కులు. పేద, వెనకబడిన విద్యార్థులకు పూర్తి ఫీజు భరించినందుకు లెక్కేస్తే 2. పేరుకు పది, పేదకు రెండు.

నేను డిగ్రీ చదివినప్పుడు ఈ పట్టిక ఉంటే నా గడి కూడా ఎర్రదే. అప్పుడు రిజిస్టర్ మా తెలుగు సారు చేతిలో ఉండేది. నేను రాని రోజు తర్వాత "ఏమైందమ్మా" అని అడిగేవారు. పత్తి తీయడానికి పోయానని చెప్పడానికి సిగ్గుపడి జ్వరమని అబద్ధం చెప్పేదాన్ని. ఆయనకు తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చోబెట్టి పోయిన పాఠం మళ్లీ చెప్పేవారు.

నేను జాబితా మీద సంతకం పెట్టలేదు. బదులుగా ఒక కాగితం ఇచ్చాను. పట్టికలో కొన్ని కాలమ్‌లు చేర్చమని అడిగాను. ప్రభుత్వం కాలేజీకి ఎన్ని నెలలుగా బాకీ? ఆ పేరుతో ఎంతమంది హాల్‌టికెట్లు ఆపారు? తప్పిన సబ్జెక్టుకు అదనపు క్లాసులు ఎన్ని పెట్టారు? ఎన్ని పోస్టులు ఖాళీ? ఎస్సీ, ఎస్టీ సెల్ ఈ ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది? ప్రిన్సిపాల్ సారు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "చూద్దాం మేడమ్" అన్నారు.

పట్టికలు మీ కాలేజీల్లోనూ వచ్చేసి ఉంటాయి. మీ వరసలో ఏయే కాలమ్‌లున్నాయో అడిగి తెలుసుకోండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి, ఇక్కడ కింద రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు.

శుక్రవారం ఆ పిల్ల తల్లిని కాలేజీకి రమ్మన్నారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తుంది. నాకు ఆ పీరియడ్ ఖాళీ. ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాను.