తప్పు అక్షరాల నాణెం

బాలలూ! మన పల్నాటి నుంచి కృష్ణ దాటితే నల్లగొండ జిల్లా. ఆ జిల్లాలోని అక్కనపల్లిలో ఒకే చోట 1,500కు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి మన రాజులవి కావు. రోము చక్రవర్తులు అగస్టసు, టైబీరియసుల నాణేలు. దాదాపు 2,000 ఏళ్ళ నాటివి. మిరియాలకూ, ముత్యాలకూ, సన్నని నూలు బట్టలకూ బదులుగా ఓడలలో వచ్చిన సొమ్ము అది. మన వినుకొండలోనూ రోము బంగారు నాణేలు బయటపడ్డాయి.

అయితే అక్కనపల్లి నాణేలలో కొన్ని రోములో చేసినవి కావు. వాటిని చూసి మరెవరో చేసినవి. ఈ సంగతి ఎట్లా తెలిసింది?

ఆ రోజుల్లో వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. నమ్మకం లేకపోతే బంగాళాదుంప ముక్క మీద 'క' చెక్కి, సిరాలో అద్ది కాగితం మీద వేసి చూడండి! రోము లిపి తెలియని పనివాడు అక్షరాన్ని బొమ్మగా చూసి చెక్కాడు. అందుచేత కొన్ని అక్షరాలు తిరగబడ్డాయి, కొన్ని వట్టి గీతలూ సున్నాలూ అయ్యాయి. చక్రవర్తి ముఖం మాత్రం ఇంచుమించు కుదిరింది.

అసలు పరాయి రాజు బొమ్మ ఎందుకు? రోము నాణేల మీద ముఖాలు వేరైనా తూకం ఒకటే కావటం చూసి సింహళ రాజు మెచ్చుకున్నాడని ప్లినీ అనే రోము రచయిత రాశాడు. ఆ బొమ్మకు అంత పరపతి వుండేది. వారి 'దెనారియస్' మన దేశంలో 'దీనార'మైంది. ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక మహాచైత్యానికి 170 దీనార మాషకాలు ఇచ్చినట్లు నాగార్జునకొండ శాసనంలో వున్నది.

ఇటువంటి పనే వెయ్యేళ్ళ కిందట ఉత్తర ఐరోపాలోనూ జరిగింది. వైకింగులు ఇంగ్లండు రాజు ఎథెల్రెడ్ వెండి నాణేలను చూసి స్వీడనులోని సిగ్టూనాలో, ఐర్లండులోని డబ్లినులో నాణేలు కొట్టారు. అక్కడా అక్షరాలు తప్పాయి!

ఇవన్నీ దొంగ నాణేలేనా? లోపల రాగి పెట్టి పైన వెండి పూత పూసినవాడు దొంగే, సందేహం లేదు. కాని దక్షిణ దేశంలో దొరికిన బంగారు అనుకరణలు కొన్ని మంచి బంగారంతోనే చేసినవి; మెడలో వేసుకునేందుకు వాటికి రంధ్రాలు కూడా వున్నాయి. అట్లా చేసినవాణ్ణి దొంగ అనటానికి నాకు మనసొప్పదు. కాసులపేరు చేయించుకునేవారు కాసు మీది అక్షరాలు చదివి చేయించుకుంటారా ఏమిటి?