కలానికి కూలి

మా విద్యార్థులలో కొందరు ఖత్తాతీ నేర్చుకుంటున్నారు. రెల్లు కలం మొనను వాలుగా చెక్కి, ఆ మొన పెట్టే చుక్కనే కొలతగా గ్రహించి ప్రతి అక్షరపు పొడవును, వంపును నిర్ణయిస్తారు. పదవ శతాబ్దపు బాగ్దాదు వజీరు ఇబ్ను ముఖ్లా పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. హైదరాబాదు ఛత్తా బజారులో పెండ్లి పత్రికలు వ్రాసే కాతిబులకు ఇదే జీవనాధారంగా ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ పని చాలావరకు పోయింది. గోడకు తగిలించే ఫలకాలు, వధూవరుల పేర్ల పటాలు మాత్రం చేతితో వ్రాయించుకునేవారు నేటికీ ఉన్నారు. విద్యార్థికి చేతిఖర్చు దొరికేది అక్కడే.

చిక్కంతా ధర దగ్గరే. "ఎంత ఇమ్మంటావు బాబూ?" అంటే "మీ ఇష్టం" అంటాడు. అది మర్యాద అనుకుంటాడు. ఫిఖ్హ్ అలా చూడదు. ఇజారాలో పని, కూలి రెండూ ముందే తెలిసి ఉండాలి. తెలియని కూలి తగవుకు దారి. కాగితం కొలత, చట్రం ఖర్చు, ఇవ్వవలసిన తేదీ, మొత్తం పైకం ఒక చీటీపై వ్రాసి ఇరువురూ ఉంచుకోవాలి. సగం ముందే పుచ్చుకోవడంలో తప్పు లేదు.

ఇక పెద్దలు. "మన పిల్లవాడే కదా" అని మూడు రాత్రుల శ్రమను ఊరకే అడుగుతారు. బంధువుల మిఠాయి దుకాణంలో అలా అడగగలరా? కానుక అన్నమాట పిల్లవాడి నోట రావాలి, మన నోట కాదు.

షాబానులో మా వార్షిక పరీక్షలు. రమజానుకు ముందే ముగించాలని పెండ్లిళ్లూ అప్పుడే. ఆ నెల మటుకు ఏ పనీ ఒప్పుకోవద్దని చెబుతున్నాము.